ఆయన చెవితో కొన్న రేడియోలు

ఆదోనిలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. ఆలూరు వైపు నుంచి వచ్చిన రైతు కావచ్చు, గోనెగండ్ల నుంచి పత్తి బండి తోలుకొచ్చి ఆ రాత్రికి ఊళ్లోనే ఆగిపోయిన మనిషి కావచ్చు, మా వీధి చివర బియ్యం కొట్టు నడిపే పెద్దాయనే కావచ్చు. ఎవరైనా మా ఆయన్ను అడిగేది ఒకటే.

"అన్నా, నా కాడ ఇంత దుడ్డుంది. ఏ రేడియో తీసుకోమంటావు?"

డెబ్భైల మొదట్లో సంగతి ఇది. నాకు పెళ్లయి కొత్త. మా అత్తగారి వాళ్లది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. ఊరి చివర ఒక చిన్న జిన్నింగు మిల్లులో మామగారికి వాటా ఉండేది. బావగారు బజారులో దిండుకానుకుని కూర్చుని బేరాలు చూసుకునేవారు. మా ఆయన మాత్రం పత్తిని గింజ నుంచి విడదీసే ఆ యంత్రాల మధ్య నిలబడి పొద్దుగూకేదాకా పని చేయించేవారు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా పత్తి నూగు తెల్లగా పట్టి ఉండేది. రేడియోలతో ఆయనకు ఏ వ్యాపారమూ లేదు. దుకాణం వాళ్లిచ్చే పైసా ఆశించేవారూ కాదు. ఆయన చెవి మంచిదని ఊరు నమ్మింది, అంతే. పెళ్లికి ముందు మా ఇంటికి పెద్ద పెట్టె రేడియో ఒకటి కొన్నప్పుడు ఆయన దుకాణాలన్నీ తిరిగి, ఒక్కొక్కదాన్నీ గంటల తరబడి పాడించి తెచ్చారట. దాని పాట విన్న పక్కింటివాళ్లు తమకూ అట్లాంటిది ఎంచిపెట్టమన్నారు. అక్కడి నుంచి పేరు పాకింది.

వచ్చిన మనిషి ఎంత తెచ్చాడన్నది ఆయన ముందుగా పట్టించుకునేవారు కాదు. ఉగ్గాని పెట్టించి, తిననిచ్చి, తర్వాత మెల్లగా మొదలుపెట్టేవారు.

"రేడియో యాడ పెడతావప్పా?"

"సేన్లో కొట్టముంది గదన్నా. ఆడికే ఎత్తకపోతా."

"కరెంటు లేదు ఆడ."

"యాడిది కరెంటు!"

"అయితే నీకు మూడు బ్యాండ్లది ఏంటికి? కడప స్టేషను తగిల్తే సాలు నీకు. ఒక్క బ్యాండుది, పెట్టె కొంచెం లావుండేది సూద్దాం. మిగిలిన దుడ్డు సెల్లులకు పెట్టుకో. సెల్లులు అయిపోతే ఎంత పెద్ద రేడియో అయినా చెక్కముక్కే."

ఆ రైతు ముఖం కొంచెం చిన్నబోయేది. బామ్మర్ది దగ్గర మూడు బ్యాండ్లది తోలు సంచీలో ఉందని, దాని ముందు ఇది చిన్నదైపోతుందని గొణిగేవాడు. ఆయన నవ్వి, "మీ బామ్మర్ది దానికి సెల్లులు ఎన్నిసార్లు మార్చినాడో అడుగు" అనేవారు. ఇద్దరూ లేచి దుకాణానికి పోయేవారు.

బియ్యం కొట్టు పెద్దాయనకు మాత్రం అన్నిటికంటే పెద్దది, నిగనిగలాడే చెక్క పెట్టెలో ఉన్నది ఇప్పించారు. అంత అవసరమా అని నేను అడిగితే, "ఆయన కొనేది వినేకి కాదు, వచ్చినోళ్లకు సూపిచ్చేకి. దానికి తగింది అదే" అన్నారు. కన్నడ సీమ నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఒకామె, పుట్టింటి వైపు పాటలు వినబడేది కావాలని అడిగింది. ధారవాడ స్టేషను సరిగ్గా తగిలే సెట్టు కోసం దుకాణంలో ఉన్నవన్నీ కిటికీ దగ్గరికి తెచ్చి ముల్లు తిప్పుతూ కూర్చున్నారట. చివరికి ఒక పాత సెట్టులో స్పష్టంగా పలికింది. ఆమె ఆ కన్నడ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుందని వచ్చి చెప్పారు. ఆ రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. అన్నం తింటూ కూడా అదే మాట.

నన్ను చూసి మాత్రం ఆ ముఖం అట్లా వెలగదని నేను అనుకునేదాన్ని.

మాది ఎమ్మిగనూరు. మా నాన్న బడిపంతులు. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని మా అమ్మ పెంచింది. అత్తగారింటికి వచ్చాక ఆ పెంపకాన్ని ఇంకా జాగ్రత్తగా పాటించాను. ఆయన మిల్లు నుంచి వచ్చి రేడియో ముందు కూర్చుంటే, నేను వంటింటి తలుపు దగ్గర నిలబడి, "అన్నం పెట్టినాను, రాండి" అని మెల్లగా చెప్పేదాన్ని. ఆయన తిరిగి చూసేవారు కాదు. ఇంకోసారి చెప్పేదాన్ని. రేడియో వింటూనే ఉండేవారు. చల్లబడిన అన్నం ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి. అదే మా అత్తగారు హాల్లోకి వచ్చి ఒక్క కేక వేస్తే చటుక్కున లేచి వచ్చేవారు. ఆమెతో నవ్వుతూ కబుర్లాడేవారు. అంటే మాటలు రాని మనిషి కాదు, నాతోనే మాట్లాడడం ఇష్టం లేదు. నేను అట్లాగే లెక్క కట్టుకున్నాను. పుట్టింటికి పోయినప్పుడు అమ్మతో చెప్పుకుంటే, "వ్యాపారం ఇండ్లలో మొగోళ్లు అంతేలే. బిడ్డ పుడితే అదే సర్దుకుంటాది" అంది.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఆయనకు ప్రాణం. ఎత్తుకుని మిద్దె మీద తిప్పేవారు. అయినా నేను తలుపు దగ్గర నిలబడి చెప్పే మాటకు బదులు మాత్రం రాలేదు.

అసలు సంగతి బయటపడింది ఎమ్మిగనూరులో, ఒక అవ్వ రేడియో వల్ల.

మా పుట్టింటి పక్క ఇంట్లో ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. మగ్గాల వాళ్లకు కండెలు చుట్టి ఇచ్చేది. రాట్నం ముందు కూర్చుని దారం చుడుతూనే వచ్చేపోయే వాళ్లతో మాట్లాడేది. భర్త పోయాడు. కొడుకు షోలాపురం మగ్గాలకు పోయి అక్కడే నిలిచిపోయాడు. నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న చేతులు అవి. నేను బిడ్డతో పుట్టింట్లో ఉన్నప్పుడు ఆయన చూడటానికి వస్తే, ఆమె ఆయన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగింది.

"అల్లుడా, నాకొక రేడియో కావాల. నాకు పాటలొద్దు, ఏమొద్దు. ఇంట్లో మనిషి గొంతు ఒకటి ఉంటే సాలు. పొద్దున లేస్తే నా గొంతే నాకు ఇనపడతాది. నా కాడ శానా లేదు."

ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. ఆదోనిలో దుకాణాలన్నీ తిరిగారు. చివరికి ఒకచోట మంచి పెట్టె, పెద్ద స్పీకరు ఉన్న సెట్టు సగానికి సగం తక్కువకు దొరికింది. ఎవరూ కొనక చాలాకాలంగా అరలో పడి ఉందట. ఎందుకు కొనలేదో దుకాణం వాడు చెప్పలేదు. ఆయన దాన్ని పాడించి చూశారు, వార్తలు విన్నారు, మగమనిషి గొంతు గుండెకు తగిలినట్టుందని సంబరపడ్డారు. ఒక దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఎమ్మిగనూరు తెచ్చారు.

అవ్వ ఇంట్లో గూట్లో పెట్టి తిప్పారు. మగ్గాల వాళ్లు నలుగురు గడప దగ్గర చేరారు. మా నాన్న కూడా వచ్చి నిలబడ్డారు. రేడియో పలికింది. గొంతు నిజంగానే గంభీరంగా ఉంది. కానీ దాని వెంట ఒక సన్నని కూత. పళ్ల మధ్య ఇసుక పడినట్టు, చెవిలో సూది తిప్పినట్టు ఆగకుండా కూత. నా ఒళ్లోని పాప గుక్కపట్టి ఏడ్చింది. మగ్గాల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆయన నవ్వుతూ కూర్చున్నారు. తల ఊపుతూ, "ఎట్లుందవ్వా? గొంతు సూడు ఎంత బాగుందో" అన్నారు.

అవ్వ ఆయన ముఖం వైపు చూసింది. "బంగారట్ల ఉంది నాయనా. ఇంట్లో మొగమనిషి ఉన్నట్టే ఉంది" అంది.

మా నాన్న నా వైపు చూశారు. ఆ చూపులోని ప్రశ్న నాకు అర్థమైంది, జవాబూ అప్పుడే అర్థమైంది. ఆయనకు ఆ కూత వినబడటం లేదు. లావు గొంతులు వినబడతాయి, సన్నవి వినబడవు. అత్తగారి కేక వినబడుతుంది. తలుపు దగ్గర నిలబడి నేను చెప్పే మాట ఎప్పుడూ వినబడలేదు.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ క్షణంలో మొదట నాకు కలిగింది సంతోషం. ఆయనకు నేనంటే ఇష్టం లేక కాదన్నమాట. ఆ సంతోషం పాప ఏడుపు ఆగేదాకా కూడా నిలవలేదు. గడప దగ్గర నిలబడ్డ వాళ్లందరి మధ్య ఆయన ఒక్కరే అట్లా నవ్వుతూ కూర్చోవడం చూడలేక, పాపను ఊరుకోబెట్టే మిషతో వీధిలోకి వచ్చేశాను.

ఆదోనికి తిరిగి వచ్చిన మర్నాడు సాయంత్రం, మిద్దె మీద ఎవరూ లేనప్పుడు చెప్పాను. దగ్గరగా కూర్చుని, గొంతు పెంచి చెప్పాను.

"అవ్వ రేడియోలో కూత ఉంది. మీకు ఇనపడలేదా?"

"ఏ కూత?"

"సన్నగా. ఆగకుండా వస్తాండె. అందరికీ ఇనపడింది."

నమ్మలేదు. తర్వాత నా ముఖం చూసి నమ్మారు. లేచి, కిందికి దిగి, రేడియో ముందు తన చోట కూర్చుని, "నువ్వు వంటింటి తలుపు కాడికి పోయి ఏమన్నా సెప్పు" అన్నారు. నేను పోయి నిలబడి రోజూ చెప్పే మాటే చెప్పాను. ఆయన ఎదురు చూస్తున్నారు. నేను చెప్పడం అయిపోయిందని తెలియక ఇంకా ఎదురు చూస్తున్నారు. చివరికి తల తిప్పి నా వైపు చూశారు.

"సెప్పితివా?"

"సెప్పినా."

"దినామూ అట్లే ఆడ నిలబడి సెప్తాంటివా?"

"ఊ."

"ఏమని?"

"అన్నం పెట్టినాను, రాండని."

"ఎప్పట్నుంచి?"

"వచ్చినప్పట్నుంచి."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. నేను దగ్గరికి పోయాను. పక్కనే కూర్చున్నాను. అత్తగారు గుడి నుంచి వచ్చి మమ్మల్ని చూసి, లోపలికి పోయింది.

ఆ వారమే ఆయన ఇంకో సెట్టు కొని అవ్వ దగ్గరికి పోయారు. నేనూ వెంట పోయాను. అవ్వ పాతది ఇవ్వనంది. "నీ చేత్తో తెచ్చినావు, నాకు అదే బాగుంది" అని మొండికేసింది. ఆయన గట్టిగా అడిగేసరికి ఏడ్చింది.

"నీ మనసు నొచ్చుకుంటాదని సెప్పల్యా నాయనా."

"అందరూ నా మనసు నొచ్చుకుంటాదని సెప్పకపోతే, నాకెట్ల తెలియాల అవ్వా?"

ఆ మాట కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అన్నారు. కొత్త సెట్టు గూట్లో పెట్టి, నన్ను అడిగి, కూత లేదని నేను చెప్పాకే లేచారు.

కర్నూలులో డాక్టరుకు చూపించాం. ఆయన చెవుల్లోకి దీపం వేసి చూసి, పెద్ద ఇనుప కడ్డీలాంటిది మోగించి తలకానించి, ఏం పని చేస్తారని అడిగాడు. మిల్లు అని చెప్పగానే తల ఊపాడు. ఆ యంత్రాల హోరుకు లోపలి నరాలు చచ్చిపోతాయని, పోయింది తిరిగి రాదని, మందు లేదని చెప్పాడు. "మిల్లులో ఉన్నంతసేపూ చెవుల్లో దూది గట్టిగా పెట్టుకోండి. ఉన్నదైనా కొంతకాలం నిలుస్తుంది" అన్నాడు.

బయటికొచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు.

"మన ఇంటినిండా దూదే గదే. తాత కాలం నుంచి దూదే. సెవుల్లో పెట్టుకునేంత దొరకలేదు మనకు."

నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. నేను చెయ్యి పట్టుకున్నాను. పక్కన కూర్చున్న వాళ్లు చూస్తున్నారని కూడా అనిపించలేదు.

మిల్లు మానుకోమని నేనన్నాను. మానుకుని ఏం చేస్తారు? బజారులో కూర్చుని బేరమాడాలంటే చెవులే పెట్టుబడి. బావగారు ఒక నెల కూర్చోబెట్టి చూశారు. బస్తాల ధర అటూ ఇటూ వినబడి ఒక గొడవ జరిగింది. ఆయనంతట ఆయనే మళ్లీ మిల్లుకు పోయారు. చెవుల్లో దూది పెట్టుకున్నారు. అక్కడ ఎట్లాగూ ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ చోటే తనకు నయం అనేవారు.

ఒకసారి చెవి మిషను కోసం బెంగళూరు పోయాం. దుకాణంలో బల్ల మీద వరసగా పెట్టాడు. జేబులో పెట్టుకునే పెట్టె, దాని నుంచి చెవికి ఒక తీగ. కొంచెం తక్కువ ధరది, అంతకంటే మేలైనది, విదేశం నుంచి వచ్చినది. ఒక్కొక్కటీ ఆయన చెవికి తగిలించి దుకాణం వాడు మాట్లాడుతున్నాడు. ఆయన ప్రతిదానికీ కళ్లు మూసుకుని విన్నారు. చివరికి నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా, "నువ్వు సెప్పు. ఏది బాగుంది?" అన్నారు.

నాకెట్లా తెలుస్తుంది? అది నా చెవి కాదు కదా. ఊరంతటికీ ఎంచిపెట్టిన మనిషికి నేను ఒక్కటి ఎంచిపెట్టలేకపోయాను. మధ్యది తీసుకున్నాం. అది మాటనూ పెంచింది, చప్పుడునూ పెంచింది. ఇంట్లో గిన్నె కిందపడితే తలపట్టుకునేవారు. కొన్నాళ్లకు బీరువాలోకి పోయింది.

అరుగు మీదికి మనుషులు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆయన చెవి సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప బయట ఎక్కువమందికి తెలియదు. రావద్దని చెప్పమంటే ఆయనకు నోరు రాలేదు. ఒక ఆదివారం నేనే అన్నాను, "నేనూ వస్తా పాండి" అని.

పత్తి వ్యాపారుల ఇంటి కోడలు బజారులో రేడియో దుకాణానికి పోవడం అప్పట్లో వింతే. అత్తగారు ఒక్క నిమిషం ఆలోచించి, పాపను తన ఒళ్లోకి తీసుకుంది. "పో. మంచి చీర కట్టుకోని పో" అంది.

దుకాణంలో ఆయన సెట్టు తిప్పేవారు. పెట్టె చెక్క చూసేవారు, స్పీకరు మీద వేలుపెట్టి అదురు చూసేవారు, వెనక మూత విప్పించి లోపల అతుకులు చూసేవారు. అవన్నీ ఆయనకు తెలుసు. నేను కొంచెం వెనగ్గా నిలబడి వినేదాన్ని. కూత ఉంటే కొంగు భుజం మీద సర్దుకునేదాన్ని. లేకపోతే కదలకుండా నిలబడేదాన్ని. ఆయన ఓరగా ఒక చూపు చూసి, "ఇది వద్దప్పా, ఇంకోటి తీయి" అనేవారు. కొనడానికి వచ్చిన వాళ్లు, భార్యంటే ముచ్చటపడి వెంట తెచ్చుకుంటాడు కాబోలు అనుకునేవారు. నాకూ అట్లాగే అనుకోవాలనిపించేది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా పక్కనే నడిచేవారు. నా సంసారంలో నేను అందరిముందు ఆయన పక్కన నడిచిన రోజులు అవే. కొన్నేళ్లు అట్లా గడిచాయి. ఆ ఆదివారాలు నాకు ఇప్పటికీ తియ్యగానే గుర్తొస్తాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎనభైలు వచ్చాయి. రేడియో, క్యాసెట్టు రెండూ కలిసిన సెట్లు దుకాణాల్లోకి దిగాయి. పత్తి ధర బాగున్న ఒక ఏడు, ఆయనకు ఎరికైన రైతు ఒకాయన తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుకు పట్నంలో చదువుకుంటున్నాడు. వాడికి ఏది కావాలో వాడికి ముందే తెలుసు. తండ్రి మాత్రం, "అన్న సూసి సెప్తే గానీ కొనేది లేదు" అన్నాడు.

దుకాణంలో వాడు కోరుకున్నది తిప్పారు. మెరిసే పెట్టె, దీపాలు. కూత లేదు గానీ, గొంతు పగిలినట్టు గరగరమంది. నేను కొంగు సర్దుకున్నాను. ఆయన చూసి, "వేరేది సూద్దాం" అన్నారు. వాడు విసుగ్గా తండ్రి వైపు తిరిగాడు.

"సెవిటాయనకు రేడియో ఏం తెలుస్తాది నాయనా? ఆయమ్మ కొంగు సూసి సెప్తాండాడు. నేను ఇందాకట్నుంచి సూస్తాండా."

తండ్రి తల దించుకున్నాడు. దుకాణం వాడు అటు తిరిగి ఏదో సర్దుకోసాగాడు. అంటే వాడికి ఎప్పుడో తెలుసు. నా ముఖంలోకి రక్తమంతా వచ్చింది.

ఆయన నా ముఖం చూశారు.

"ఏమన్నాడు?"

"ఏం లేదు. బాగుందంటాండాడు."

ఆయన చేతిలోని సెట్టును బల్ల మీద మెల్లగా పెట్టారు. దుకాణం వాడితో, "పిల్లోనికి ఏది ఇష్టమైతే అది ఇయ్యప్పా. వినేది వాడు గదా" అన్నారు. రైతు భుజం తట్టి బయటికి నడిచారు. వీధి మలుపు తిరిగాక, ముందుకే చూస్తూ అన్నారు.

"నువ్వు అబద్ధం సెప్పేటప్పుడు నీ పెదాలు సరిగ్గా కదలవు."

అప్పటికి ఆయన నా పెదాలు చదవడం ఎంత నేర్చుకున్నారో నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత అరుగు మీదికి ఎవరు వచ్చినా ఉగ్గాని పెట్టించి, మంచి మాటలు చెప్పి, ఏ దుకాణానికి పోవాలో చెప్పి పంపించేవారు. తాను మాత్రం లేవలేదు. నన్నూ లేవమనలేదు.

పాప పెద్దదవుతోంది. దాని గొంతు సన్నగా, గాజు గిన్నెను మీటినట్టుండేది. ఆయనకు అది ఒక్కరోజైనా పూర్తిగా వినబడిందో లేదో నాకు తెలియదు. పాప మాత్రం నాయనతో మాట్లాడాలంటే ముందుకొచ్చి నిలబడి, నోరు బాగా తెరిచి మాట్లాడటం నడక నేర్చినట్టే నేర్చుకుంది. బళ్లో పాటలు బాగా పాడేది. ఒక ఏడు బడి నుంచి కొందరు పిల్లల్ని కడపకు తీసుకుపోయి, రేడియోలో పిల్లల కార్యక్రమానికి పాడించారు. అది ఒక మధ్యాహ్నం వస్తుందని ముందుగా తెలిసింది. వీధంతా తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అత్తగారు, బావగారు, పిల్లలు అందరూ రేడియో ముందు చేరారు. ఆయన కాసేపు మాతో కూర్చున్నారు. అందరూ రేడియో వైపు ఒంగి వింటున్నారు. నేను ఆయన వైపు చూస్తున్నాను. ఉన్నట్టుండి లేచి చెప్పులు వేసుకుని వీధిలోకి పోయారు. చూడలేక పోయారేమో అనుకుని నేను వెనకే గడప దాకా వచ్చాను.

వీధిలో ఎండ. మనుషులు లేరు. అన్ని ఇళ్ల తలుపులూ తెరిచి ఉన్నాయి. ఆ ఇళ్లలో చాలావాటిలో ఉన్నవి ఆయన ఎంచి ఇప్పించిన రేడియోలే. అన్నిటిలోనూ ఒకేసారి మా పాప పాడుతోంది. పెద్ద పెట్టెలో పెద్దగా, చిన్న పెట్టెలో చిన్నగా. ఆ వీధిలో దాన్ని విననిది ఆయనొక్కరే. ఆయన మెల్లగా నడుచుకుంటూ ఒక్కొక్క గడప ముందు ఆగుతున్నారు. లోపలున్న వాళ్ల ముఖాలు చూస్తున్నారు. కన్నడ సీమ నుంచి వచ్చిన ఆ ఇల్లాలు ఆయన్ను చూసి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, ఎంత బాగా పాడుతోందో అన్నట్టు తల ఊపింది. బియ్యం కొట్టు పెద్దాయన, ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయన అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

పాట అయిపోయాక ఇంటికొచ్చారు. పాప ముందుకొచ్చి నిలబడి, నోరు తెరిచి అడిగింది.

"నాయనా, నా పాట ఇంటివా?"

"ఇంటి" అన్నారు.

అది నమ్మింది. తర్వాత ఎప్పుడైనా తెలిసిందేమో, నేను అడగలేదు.

చెవులతో ఆగలేదు ఆ మిల్లు. ఎనభైల చివరికొచ్చేసరికి దగ్గు పట్టుకుంది. అన్నేళ్లు పీల్చిన నూగు ఊపిరితిత్తుల్లో కూర్చుందన్నారు. మెట్లెక్కితే ఆయాసం. తర్వాత కూర్చున్నా ఆయాసం. మిల్లు వాటా బావగారు అమ్మేశారు. అప్పటికే ఆలస్యమైంది. మంత్రాలయం పోయి మొక్కుకున్నాం, కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చాం. ఆ వానాకాలమంతా అక్కడే.

చూపు కూడా మసకబారింది, పెదాలు చదవలేకపోయేవారు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "మాట్లాడు" అన్నారు. ఏం మాట్లాడను, ఎట్లా వినిపించను అని నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చెయ్యి చాచి నా గొంతు మీద వేళ్లు ఆనించారు. స్పీకరు మీద వేలుపెట్టి అదురు చూసే మనిషి. మళ్లీ "మాట్లాడు" అన్నారు.

మాట్లాడాను. పక్క మంచం వాళ్లు చూస్తున్నా, నర్సు వచ్చి పోతున్నా మాట్లాడాను. పత్తికొండ వైపు మంచి వాన పడిందట అని చెప్పాను. పాప పరీక్షల్లో బాగా రాసిందని చెప్పాను. చింతపండు ఈ ఏడు నల్లగా ఉందని, అత్తగారు మోకాళ్లకు కొత్త తైలం రాసుకుంటోందని, పక్కింటి ఆవు ఈనిందని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, వేళ్లు కదపకుండా, మధ్యమధ్య తల ఊపేవారు. నేను ఆపితే కళ్లు తెరిచేవారు. ఇంకేమీ మిగలకపోతే చెప్పిందే చెప్పేదాన్ని.

అట్లా ఎన్ని సాయంత్రాలు గడిచాయో లెక్కపెట్టలేదు. ఒక సాయంత్రం నేను చెబుతూ ఉండగానే ఆయన వేళ్లు జారి దుప్పటి మీద పడ్డాయి. నిద్రపట్టిందనుకుని, లేపకూడదని, ఇంకాసేపు మాట్లాడుతూనే ఉన్నాను.